మోత పెట్టే సైకిల్ ట్రైనర్: ముందు వినండి, తర్వాత విప్పండి

సైకిల్‌ను కదలకుండా నిలిపి ఇంట్లోనే తొక్కడానికి వాడే స్టాండే ట్రైనర్. అది మోత పెట్టగానే చాలామంది చేసే పని ఒకటే. సందు కనపడిన చోటల్లా నూనె కొట్టేస్తారు. రెండు రోజులు ఊరుకుంటుంది, ఆ తర్వాత అంతకంటే గట్టిగా అందుకుంటుంది. బేరింగులో ఉన్న గ్రీజును ఆ పల్చటి నూనె కడిగేసిందన్న సంగతి అప్పటికి తట్టదు. పైగా చాలాసార్లు తప్పు ట్రైనర్‌ది కానే కాదు. టైరుదో, చైనుదో, పెడలుదో అయ్యుంటుంది. రోడ్డు మీద గాలి హోరులో, లారీల రొదలో కలిసిపోయిన కిర్రుకిర్రు తలుపులేసిన గదిలో తొక్కేసరికి స్పష్టంగా చెవిన పడుతుంది. కాబట్టి స్పానర్ సంగతి తర్వాత, ముందు చెవికి పని చెప్పండి.

ఇక్కడ ఎక్కువగా చెప్పేది వెనక చక్రాన్ని స్టాండులో బిగించి, టైరును చిన్న రోలర్‌కు ఆనించి తొక్కే రకం గురించి. ధర తక్కువ కాబట్టి మొదటిసారి కొనేవాళ్ళు మొగ్గేది దీనివైపే. వెనక చక్రం తీసేసి చైనును నేరుగా ట్రైనర్‌కే తగిలించే డైరెక్ట్ డ్రైవ్ రకం గురించి కూడా ముందుముందు ఉంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి: అల్లెన్ కీల సెట్టు, పెడళ్ళ కోసం 15 ఎంఎం స్పానర్, గేజు ఉన్న గాలి పంపు, పాత బనీను గుడ్డలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చైను నూనె, గ్రీజు, ఒక పొడవాటి స్క్రూడ్రైవర్. బేరింగు మార్చేదాకా వస్తే సర్క్లిప్ (భాగాలు జారకుండా గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) తీసే ప్లయర్, రబ్బరు సుత్తి కూడా కావాలి. కొబ్బరి నూనె జోలికి మాత్రం పోవద్దు. తలుపు కీలుకు సరిపోతుందేమో గానీ, అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబరు పొద్దున చైను లింకుల్లో అదే జరుగుతుంది, దానికి దుమ్ము తోడైతే జిగురు.

ఒక జాగ్రత్త. తొక్కడం ఆపిన వెంటనే రోలర్ పక్కనున్న డబ్బాను ముట్టుకోకండి. మీరు పెట్టిన శక్తి దాదాపు అంతా అక్కడే వేడిగా మారుతుంది. గంటసేపు 200 వాట్లతో తొక్కితే 0.2 యూనిట్ కరెంటు కాల్చినంత వేడి. రోలర్‌తోపాటు తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్, పూర్తిగా ఆగేదాకా చేతులు, చున్నీ, పంచె అంచు, పిల్లలు అన్నీ దూరంగా ఉండాలి.

1. మోత ఎక్కడిదో తేల్చుకోవడం

సైకిలెక్కి రెండు నిమిషాలు మామూలుగా తొక్కి, కాళ్ళు ఆపేయండి. పెడళ్ళు ఆగినా చక్రం, ఫ్లైవీల్ కాసేపు తిరుగుతూనే ఉంటాయి. కాళ్ళతోపాటు మోతా ఆగిందంటే తప్పు చైను, క్రాంకు (పెడలు బిగించే కడ్డీ), పెడళ్ళ వైపుంది. మోత సాగుతూనే ఉంటే టైరు, రోలర్, బేరింగు, ఫ్లైవీల్‌లో ఏదో ఒకటి. కాళ్ళు ఆపినప్పుడు వెనక హబ్బు చేసే టిక్‌టిక్‌ను లెక్కలోకి తీసుకోవద్దు, అది ఉండాల్సిందే.

తర్వాత లయ పట్టుకోండి. అసలు గుట్టంతా ఇక్కడే ఉంది, కాస్త లెక్క కూడా ఉంది. ముందు 50 పళ్ళ గేరు, వెనక 17 పళ్ళ గేరు వేసి నిమిషానికి 90 చుట్లు తొక్కుతున్నారనుకుందాం. పెడలు సెకనుకు ఒకటిన్నర చుట్టు తిరుగుతుంది. వెనక చక్రం నిమిషానికి 265 చుట్లు, అంటే సెకనుకు నాలుగు పైచిలుకు. 700×25 టైరు చుట్టుకొలత 2.1 మీటర్లు, 30 మిల్లీమీటర్ల మందం ఉన్న రోలర్ చుట్టుకొలత 94 మిల్లీమీటర్లు. చక్రం ఒక్కసారి తిరిగేలోపు రోలర్ 22 సార్లు తిరగాలి. నిమిషానికి దాదాపు 5,900 చుట్లు.

దీన్నిబట్టి చూడండి. కాలి చుట్టుకు ఒకసారి టక్‌మంటే అది పెడలు, క్రాంకు లేదా బాటమ్ బ్రాకెట్ (క్రాంకుల ఇరుసు తిరిగే బేరింగు గూడు). సెకనుకు నాలుగైదుసార్లు దడదడమంటే టైరు మీద ఎత్తుపల్లమో, వంకర చక్రమో. విడివిడిగా లెక్కపెట్టలేనంత వేగంగా, ఒకటే గుయ్‌మనో గరగరమనో వస్తుంటే రోలర్ బేరింగు లేదా ఫ్లైవీల్, ఎందుకంటే అంత వేగంగా తిరిగేవి అవే. ఇక ఓ పట్టాన అంతుచిక్కనిది మరొకటుంది: కాలు రెండు చుట్లు తిరిగాక ఒకసారి టిక్‌మంటుంది. 110 లింకుల చైను 50 పళ్ళ గేరు మీద ఒక పూర్తి ప్రదక్షిణ చేయడానికి పెడలు 2.2 చుట్లు తిరగాలి. అంటే చైనులో ఎక్కడో ఒక లింకు బిగుసుకుపోయింది.

అనుమానం మిగిలితే కాలి వేగం మార్చకుండా వెనక గేరు మాత్రం మార్చి తేలిక చేయండి. చక్రం, రోలర్ నెమ్మదిస్తాయి. మోత లయ కూడా నెమ్మదిస్తే తప్పు వెనక ఉంది, మారకపోతే పెడళ్ళ దగ్గరుంది.

ఇంకో పరీక్ష. రోలర్‌ను టైరు నుంచి వదిలించి చక్రాన్ని చేత్తో తిప్పండి. మోత ఇంకా ఉంటే అది చక్రం హబ్బుదో, చక్రానికి బ్రేకు రాసుకుంటున్నదో. లేకపోతే రోలర్ వైపు చూడాలి. ఇంట్లో ఎవరినైనా నెమ్మదిగా తొక్కమని, పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను కదలని భాగానికి, అంటే బేరింగు కూర్చున్న గూడు పైకి ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు అదిమి వినండి. పాతకాలపు ఇంజిన్ మెకానిక్కులు ఇలాగే వింటారు. కుడి గూడుకూ ఎడమ గూడుకూ తేడా ఉంటే పోయిన బేరింగు ఏ వైపుదో తెలిసిపోయినట్టే. తిరిగే భాగానికి కొన తగలనివ్వకండి.

2. టైరు, రోలర్ బిగింపు

మౌంటెన్ బైకు గుబ్బల టైరుతో ట్రైనర్ తొక్కుతుంటే మిగతా ఏమీ వెతకనక్కర్లేదు. ఆ గుబ్బలు ఒక్కొక్కటీ రోలర్‌ను కొడుతూ పోతాయి. నున్నటి టైరు వేయడం తప్ప వేరే దారి లేదు. ట్రైనర్ కోసమే గట్టి రబ్బరుతో చేసిన టైర్లు దొరుకుతాయి, మోత తక్కువ, అరుగుదలా తక్కువ. వాటిని రోడ్డు మీదకు మాత్రం తీసుకెళ్ళొద్దు. తడి రోడ్డు మీద పట్టు ఉండదు. పాత వెనక చక్రం ఒకటి ఉంటే దానికి ఆ టైరు వేసి పక్కన పెట్టుకోవడం హాయి.

నున్నటి టైరైనా మోత చేస్తోందంటే ముందు దాన్ని శుభ్రం చేయండి. గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి టైరు చుట్టూ, రోలర్ చుట్టూ తుడవండి. రోలర్ మీద నల్లగా అతుక్కున్న రబ్బరు పొర ఊడొస్తుంది. టైరులో చిన్న రాయో, గాజుముక్కో ఇరుక్కుని ఉంటే చక్రం చుట్టుకోసారి టక్‌మంటుంది, వేలితో తడిమి చూడండి. ఒకచోట చదునుగా నొక్కుకుపోయి ఉంటే అది వాడకం తప్పు: తొక్కడం అయ్యాక రోలర్‌ను వదిలించకుండా వారాల తరబడి అలాగే ఉంచేశారు. కొత్తగా పడిన చదును గాలి నిండా కొట్టి కాసేపు తొక్కితే సర్దుకోవచ్చు, పాతదైతే టైరు మార్చాల్సిందే.

గాలి ప్రతిసారీ ఒకే లెక్కన కొట్టండి. 25 ఎంఎం రోడ్డు టైరుకు 90 నుంచి 100 పీఎస్ఐ బాగుంటుంది, టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠం మాత్రం దాటొద్దు. గాలి కొట్టాకే రోలర్ బిగించాలి, ముందు బిగించి తర్వాత కొడితే ఒత్తిడి మారిపోతుంది. రోలర్ టైరును తాకాక ఎన్ని చుట్లు బిగించాలో మీ ట్రైనర్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అది పోయిందా, రెండు చుట్లతో మొదలుపెట్టండి. ఒక చేత్తో చక్రాన్ని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో ఫ్లైవీల్‌ను తిప్పి చూడండి. రోలర్ టైరు మీద జారితే పావు చుట్టు బిగించండి. జారకపోతే అక్కడితో ఆపేయాలి. వదులుగా ఉంటే గట్టిగా తొక్కినప్పుడు కీచుమంటుంది, మరీ బిగిస్తే టైరు కాగుతుంది, బేరింగు మీద భారం పడి అదో కొత్త మోత మొదలవుతుంది. గట్టిగా బిగిస్తే మంచిదనుకోవడమే ఈ ట్రైనర్లకు ఎక్కువ చేటు చేస్తుంది.

3. స్టాండు పట్టు

చక్రం ఇరుసును రెండు వైపులా పట్టుకునే గిన్నెల దగ్గర కిర్రుమనడం మామూలే. సైకిల్‌తో వచ్చిన క్విక్ రిలీజ్ కడ్డీ (ఇరుసు గుండా పోయి చక్రాన్ని పట్టి ఉంచేది) చివర్లు ప్లాస్టిక్‌వో, వంకర ఆకారంవో అయితే గిన్నెలో సరిగ్గా కూర్చోవు. ట్రైనర్‌తోపాటు ఇచ్చే స్టీలు కడ్డీనే వాడండి. గిన్నె లోపల చిటికెడు గ్రీజు రాసి, సైకిల్‌ను రెండు వైపులా సమానంగా బిగించాలి. థ్రూ యాక్సిల్ (ఫ్రేములోకే మరతో బిగించే లావాటి ఇరుసు) ఉన్న సైకిలైతే దానికి వేరే ఇరుసు కొనాలి. 12 ఎంఎం మందం అని మాత్రమే చూసి కొనకండి, మర పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) 1.0, 1.5, 1.75 ఎంఎం అని మూడు రకాలుంటుంది. మీ పాత ఇరుసు మీద అచ్చు చదివి అదే తీసుకోండి, లేదంటే ఫ్రేము మరలు పాడవుతాయి.

స్టాండు కాళ్ళు నాలుగూ నేలకు ఆనుతున్నాయో లేదో చూడండి. రబ్బరు బిరడా ఒకటి ఊడిపోయి, లోహం నేరుగా టైల్స్ మీద కొట్టుకుంటున్న ట్రైనర్లు బోలెడు.

4. చైను, పెడళ్ళు

కాళ్ళు ఆపగానే ఆగిన మోతకు మందు ఇక్కడుంది. చైనును కిరోసిన్‌తోనో డీగ్రీజర్‌తోనో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక్కో లింకు లోపలివైపు ఒక్కో చుక్క నూనె వేసి, పది నిమిషాలాగి పైన మిగిలింది తుడిచేయండి. ఇంట్లో తొక్కే చైనుకు బురద పట్టదు కాబట్టి పల్చటి నూనె చాలు. స్కేలు సున్నాను ఒక పిన్ను మీద పెట్టి కొలవండి: కొత్త చైనులో 12 అంగుళాలకు పిన్ను కచ్చితంగా గీత మీద ఉంటుంది. అది 1/16 అంగుళం దాటిందంటే అరశాతం సాగిందన్నమాట, వెనక 11, 12 గేర్లున్న సైకిళ్ళకు మార్చే వేళైంది. 10 గేర్ల దాకా ఉన్నవాటికి ముప్పావు శాతం వరకు ఆగొచ్చు. బిగుసుకున్న లింకు దొరికితే నూనె చుక్క వేసి, రెండు చేతులతో అటూ ఇటూ పక్కలకు మెల్లగా వంచండి, వదులుతుంది.

పెడళ్ళు ఊడదీసి, మరలు తుడిచి, గ్రీజు రాసి మళ్ళీ బిగించండి. ఎడమ పెడలు మర తిరకాసు: గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితే ఊడుతుంది. చైన్‌రింగ్ (ముందరి పళ్ళ చక్రం) బోల్టులు, సీటు బిగింపు కూడా ఓసారి చూడండి. సీటు మీద నుంచి లేచి తొక్కితే ఆగిన కిర్రు సీటుదే.

5. బేరింగులు

రోలర్‌ను టైరు నుంచి వదిలించి చేత్తో తిప్పండి. మంచి బేరింగు నున్నగా, లోపలి గ్రీజు వల్ల కొంచెం బరువుగా తిరుగుతుంది. పోయినది వేళ్ళకు ఇసుక పోసినట్టు తగులుతుంది, ఒక్కోచోట పట్టి వదులుతుంది. ఫ్లైవీల్ అంచు పట్టుకుని ఊపినప్పుడు లొటలొట ప్లే ఉంటే ఇంక సందేహం లేదు. సీలు ఉన్న బేరింగుకు బయటి నుంచి నూనె పోసినా లోపలికి సరిగ్గా పోదు, పోయిన కాస్తా గ్రీజును కరిగిస్తుంది. మార్చడమే. ఖర్చు చిన్నది, పని కాస్త పెద్దది. గ్యారంటీ ఇంకా ఉంటే మీరు విప్పకండి, కంపెనీకి ఇవ్వండి.

కరెంటు అడాప్టర్ ఉంటే ముందు పీకేయండి. ప్రతి దశలో ఫోనుతో ఫోటో తీసుకోండి. ఫ్లైవీల్ మీదా ఇరుసు మీదా మార్కర్‌తో ఒక గీత గీయండి, తిరిగి అదే చోట కూర్చోబెట్టడానికి. ఫ్లైవీల్‌ను కొన్నింట్లో నట్టు పట్టి ఉంచుతుంది, కొన్నింట్లో ఫ్లైవీలే ఇరుసు మరకు ఎక్కి ఉంటుంది. ఆ మర తిరకాసు కావచ్చు. ఒకవైపు బలంగా తిప్పినా కదలకపోతే రెండోవైపు ప్రయత్నించండి. మరకు అంటించిన జిగురు బిగుసుకుని ఉంటే హెయిర్ డ్రయర్‌తో కాసేపు వేడి చేస్తే సడలుతుంది. తర్వాత సర్క్లిప్ తీసి, ఇరుసు చివర చెక్కముక్క పెట్టి రబ్బరు సుత్తితో కొట్టి బయటికి నెట్టండి. ఇనప సుత్తితో నేరుగా కొడితే మర చితికిపోతుంది, ఆ తర్వాత నట్టు ఎక్కదు.

బయటికొచ్చిన బేరింగు పక్కన నంబరు చెక్కి ఉంటుంది. 608 అయితే లోపలి రంధ్రం 8, బయటి వ్యాసం 22, మందం 7 మిల్లీమీటర్లు. 6000 అయితే 10, 26, 8. 6001 అయితే 12, 28, 8. 6003 అయితే 17, 35, 10. ఈ కొలతలు కంపెనీని బట్టి మారవు, అందుకే సైకిల్ షాపు కోసం వెతకనక్కర్లేదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో బేరింగుల కొట్టుకు పాతది పట్టుకెళ్తే చాలు. నంబరు చివర 2ఆర్‌ఎస్ అని ఉన్నది అడగండి, అది రెండు వైపులా రబ్బరు సీలు ఉన్న రకం. జెడ్‌జెడ్ అంటే రేకు మూత, దుమ్మును, చెమటను అంతగా ఆపదు. ఒకటే పోయినా రెండూ మార్చండి, రెండోది కూడా అన్నే చుట్లు తిరిగింది.

ఎక్కించేటప్పుడే చాలామంది కొత్త బేరింగును చంపేస్తారు. గూటిలోకి దించుతున్నప్పుడు బయటి రింగు మీద మాత్రమే ఒత్తిడి పడాలి, ఇరుసు మీదకు ఎక్కిస్తున్నప్పుడు లోపలి రింగు మీద మాత్రమే. ఆ రింగు కొలతకు సరిపోయే సాకెట్ (నట్లు విప్పే గొట్టం స్పానర్) ఒకటి పెట్టి మెల్లగా, నిటారుగా దించండి. తప్పు రింగు మీద కొడితే దెబ్బ లోపలి గోళీల మీదుగా పోయి దారిలో గుంటలు పడతాయి, కొత్త బేరింగు తొలిరోజు నుంచే గరగరమంటుంది. గూటిలోకి దించేదాన్ని పాలిథిన్ సంచిలో గట్టిగా కట్టి రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, పొద్దున గూటిని హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి దించితే సుత్తి పని తగ్గుతుంది.

ఫ్లైవీల్‌ను గీతలు కలిసేలా బిగించండి. మర మీద నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) రెండు చుక్కలు వేసి, 24 గంటలు ఆరనివ్వండి. ఎరుపు రంగుది వద్దు, మళ్ళీ విప్పాలంటే నరకం. ఫ్లైవీల్ వదులైందని ఎప్పుడు అనుమానం వచ్చినా ఆ క్షణమే తొక్కడం ఆపండి. కొన్ని కిలోల ఇనుము, నిమిషానికి వేల చుట్లు.

అయస్కాంతం రకం ట్రైనర్‌లో గీకుతున్న శబ్దం వస్తే మూత స్క్రూలు తీసి చూడండి. అయస్కాంతాలు సన్నటి ఇనప రజనును లాక్కుని పోగేస్తాయి, అది వాటి పక్కన తిరిగే పళ్ళేనికి రాసుకుంటుంది. గుడ్డతో తుడిస్తే పోదు, ప్యాకింగ్ టేపు అతికించి పీకితే వచ్చేస్తుంది. నూనె నింపిన ఫ్లూయిడ్ రకాన్ని విప్పొద్దు. కింద నూనె మరకలు పడి, తొక్కుడు తేలికైపోయిందంటే ఆ డబ్బా మార్చడమే.

6. డైరెక్ట్ డ్రైవ్ అయితే

ఇందులో టైరు గొడవ లేదు కాబట్టి మిగతావన్నీ పైకి వినపడతాయి. ఎక్కువసార్లు దోషి గేర్ల అమరికే. సైకిల్ చక్రం మీది క్యాసెట్ (వెనక గేర్ల గుత్తి), ట్రైనర్ మీది క్యాసెట్ వెంట్రుకవాసి తేడాతో కూర్చుంటాయి, చైను పక్క గేరుకు రాసుకుని టకటకమంటుంది. చైనును గేరు నుంచి గేరుకు జరిపే డిరైలర్ దగ్గర కేబుల్ చివరి చిన్న మరను పావు చుట్టు చొప్పున తిప్పుతూ శబ్దం పోయేదాకా సర్దండి. క్యాసెట్‌ను చేత్తో ఊపితే కదులుతోందా? దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగ్‌ను 40 న్యూటన్ మీటర్ల (బిగింపు బలం కొలత) దాకా బిగించాలి. అయినా కదిలితే 11 గేర్ల ఫ్రీహబ్ (క్యాసెట్ ఎక్కే గొట్టం) మీద 8, 9, 10 గేర్ల క్యాసెట్ వేసి, ఖాళీ నింపే 1.85 ఎంఎం స్పేసర్ రింగు మరిచిపోయి ఉంటారు.

లోపలి బెల్టు కీచుమంటే దానికి నూనె, స్ప్రే ఏదీ తగలనివ్వకండి. పొడిగుడ్డతో గాడులు తుడిచి, బెల్టు బిగువు కంపెనీ చెప్పిన లెక్కకు తేవాలి. బెల్టు అంచులు పీచు లేస్తుంటే మార్చేయండి.

7. కిందింటికి వినిపించేది

ట్రైనర్ గదిలో నిశ్శబ్దంగా ఉన్నా కింది ఫ్లాటువాళ్ళు ఫిర్యాదు చేస్తున్నారంటే వాళ్ళకు చేరుతున్నది గాలిలో వచ్చే శబ్దం కాదు, స్లాబు గుండా దిగే అదురు. దానికి తలుపులు మూసినా, దుప్పట్లు పరిచినా లాభం లేదు. రెండు పొరలు వేయండి: కింద మందపాటి రబ్బరు మ్యాటు, దాని మీద 18 ఎంఎం ప్లైవుడ్ పలక, ఆ పలక మీద ట్రైనర్. బరువున్న పలక, మెత్తని పొర కలిస్తేనే అదురు తగ్గుతుంది, ఒక్క పల్చటి యోగా మ్యాటుతో పని జరగదు. పలక అంచు గోడకు తగలకూడదు. గది నడిమధ్యలో స్లాబు ఎక్కువ ఊగుతుంది, ట్రైనర్‌ను దూలం, స్తంభం ఉన్న మూలకు జరపండి. ఇవన్నీ చేసినా తెల్లవారుజామున నాలుగింటికి తొక్కే హక్కు వచ్చినట్టు కాదు లెండి.

8. చెమట

ఇంట్లో ఎదురుగాలి ఉండదు కాబట్టి చెమటంతా సైకిల్ మీదే కారుతుంది. ఆ ఉప్పు హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) బోల్టులను, హ్యాండిల్ టేపు కింది అల్యూమినియాన్ని, ట్రైనర్ మరలను తినేస్తుంది. విశాఖ, కాకినాడల్లాంటి తీరం ఊళ్ళలో ఇంకా వేగంగా. ఫ్యాను ఎదురుగా పెట్టుకోండి, హ్యాండిల్ నుంచి సీటు దాకా తువ్వాలు పరవండి. అయిపోయాక తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచి, రోలర్‌ను టైరు నుంచి వదిలించండి. హ్యాండిల్ బోల్టుల తలల్లో చుక్క గ్రీజు రాసి పెడితే తుప్పు పట్టదు.

9. చివరిగా కాలిబ్రేషన్

వాట్లు చూపించే ట్రైనరైతే టైరు మార్చినా, రోలర్ బిగువు మార్చినా, బేరింగు మార్చినా పాత అంకెలు చెల్లవు. పది నిమిషాలు తొక్కి వేడెక్కించాక యాప్‌లో స్పిన్‌డౌన్ చేయండి: చెప్పిన వేగానికి చేరి కాళ్ళు ఆపితే, ఫ్లైవీల్ ఎంతసేపట్లో నెమ్మదిస్తుందో అది కొలుచుకుంటుంది. కొత్త బేరింగుల సీళ్ళు మొదట్లో కొంచెం పట్టి ఉంటాయి, తిరిగేకొద్దీ సడలుతాయి. అందుకని ఆ సమయం నిలకడగా వచ్చేదాకా ప్రతి రైడుకు ముందూ స్పిన్‌డౌన్ చేసి, అంకెను గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. నిలకడ పడ్డాక ఎప్పుడైనా అది ఉన్నట్టుండి తగ్గిందంటే రోలర్ మరీ బిగిసి ఉండాలి, లేదా బేరింగు మళ్ళీ పట్టేస్తుండాలి.